స్పాంజి మీద కూర్చోబెట్టిన ప్రోమో కారు కొనకండి బాబూ

నిన్నటి టాయ్ షోలో 180 డాలర్లు బూడిదలో పోసి వచ్చాను. అదే, తలుపు పక్కన టేబుల్ వేసే పెద్దమనిషి. మనలో సగం మంది ఆయన దగ్గరే కొంటాం కాబట్టి ఎవరో మీకు అర్థమైపోయి ఉంటుంది.

బొమ్మ కార్ల కంపెనీ ఏఎంటీ వాళ్ల 1955 ఫోర్డ్ ప్రోమో, అంటే డీలర్లు ప్రచారానికి ఇచ్చిన బొమ్మ కారు, అసలు కారులో ఇరవై ఐదో వంతు, పెట్టెతో సహా. కారు కింద తెల్లటి స్పాంజి ముక్క. తీసి చూస్తానంటే పెట్టె చిరుగుతుందన్నాడు. వంకర పోలేదు కదా అని అడిగితే, "ఇది స్టైరీన్ ప్లాస్టిక్, వంగదు" అన్నాడు, నా కళ్లలోకి చూస్తూ.

1955లో స్టైరీన్! ఈ ట్రాయ్ ఊళ్లో లంచ్ టేబుల్ దగ్గర అందరి చెవులూ తినేది నేనే కదా: ఏఎంటీ పేరులో మొదటి అక్షరం అల్యూమినియందని, మొదట్లో దాన్నే పోతపోసేవాళ్లని, 1950ల ప్రోమోలు ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌వని, అసలు కారు రంగులే వేసి డీలర్లు పిల్లల చేతిలో పెట్టేవాళ్లని, స్టైరీన్‌కి మారింది 1960ల మొదట్లో అని. ఇంత పండితుణ్ణి, తల ఊపి నోట్లు లెక్కపెట్టి ఇచ్చాను!

ఇంటికొచ్చి గాజు బల్ల మీద పెడితే మూడు చక్రాలే ఆనాయి. బాడీ ఎండబెట్టిన అప్పడంలా మెలికపడి ఉంది. ఎసిటేట్‌ని ఏమీ అనను, మెత్తదనం కోసం కలిపింది ఏళ్లు గడిచేకొద్దీ బయటికి పోతుంది, అది కుంచించుకుపోయి వంగుతుంది, దాని గుణమే అంత. ఆ స్పాంజి మాత్రం ఏ వంకరా లేకుండా చక్కగా ఉంది.

షో మూసేలోపు 40 మైళ్లు వెనక్కి పరుగెత్తాను, మా అమ్మాయిని కూడా వెంటబెట్టుకుని. ఆయన కారు వంక చూడనైనా లేదు. పక్క టేబుల్ అతనికి కన్నుకొట్టి, "బొమ్మ కొన్నావు, తీసుకెళ్లి ఆడుకో" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. డబ్బు పోతే పోయింది, దారంతా మా పిల్ల "నాన్నా, వాళ్లెందుకు నవ్వారు?" అని అడుగుతూనే ఉంది, దానికేం చెప్పను?

సరే, 1950ల ప్రోమో అయితే పెట్టెలోంచి తీయించి చదునైన బల్ల మీద పెట్టి నాలుగు చక్రాలూ ఆనుతున్నాయో లేదో చూడండి. తీయనివ్వకపోతే వచ్చేయండి. వాసన కూడా చూడండి, వెనిగర్‌లా పుల్లగా కొడితే ముట్టుకోకండి.