వాయిత్ టగ్ మీద 22 ఏళ్ళు

సైనిక్‌పురిలో మా వీధి కుర్రాడికి టగ్ (పెద్ద ఓడల్ని లాగి, నెట్టే చిన్న ఓడ) మీద ఉద్యోగం వచ్చింది. "అంకుల్, మీరు పనిచేసిన టగ్ ఎలా ఉండేది?" అని అడిగాడు. సాయంత్రం ట్యాంక్ బండ్‌కి తీసుకెళ్ళి చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

విశాఖ నేవల్ డాక్‌యార్డులో లస్కర్‌గా (డెక్ పనివాడిగా) చేరి, టిండాల్‌నై (లస్కర్ల మీద పెద్దనై), చివరి ఆరేళ్ళు సరంగుగా, అంటే టగ్ నడిపేవాడిగా చేశాను. అన్నేళ్ళూ ఒకే వాయిత్ టగ్. వాయిత్ అంటే దాన్ని కదిలించే ప్రొపెల్లర్లు చేసే జర్మన్ కంపెనీ. జర్మన్ డిజైన్ తీసుకుని, మన అవసరాలకు మార్చి మన దేశంలోనే కట్టారు.

లుంబినీ పార్కు నుంచి బుద్ధుడి దగ్గరికి వెళ్ళే బోట్లను గమనించండి. జెట్టీ దగ్గరపడి వేగం తగ్గేకొద్దీ చుక్కానికి పట్టు పోతుంది. నీళ్ళు జోరుగా తగిలితేనే అది పనిచేస్తుంది. యుద్ధనౌకకూ ఇదే కష్టం. డాల్ఫిన్ నోస్ కొండ పక్కన ఇరుకు ఛానల్‌లోంచి మెల్లగా రావాలి, మెల్లగా వస్తే చుక్కాని మాట వినదు. అక్కడ టగ్ కావాలి.

మా టగ్ పొట్ట కింద, ముందు భాగంలో రెండు గుండ్రటి పళ్ళేలు తిరుగుతాయి. ఒక్కో పళ్ళేనికి ఐదు బ్లేడ్లు నిలువుగా వేలాడతాయి. తిరుగుతుండగానే వాటి కోణం మారుతుంది కాబట్టి, ఇంజన్ వేగం మార్చకుండానే ముందుకు, వెనక్కి, అడ్డంగా ఎటైనా కదలొచ్చు. 1920లలో ఆస్ట్రియా ఇంజనీరు ఎర్నెస్ట్ ష్నైడర్ ఆలోచన ఇది. నాకు పని నేర్పిన భీమిలి సరంగు ఒకటే మాట అనేవాడు: "మొన తిప్పకు మావా, మొత్తం పక్కకి జరుపు." అది ఒంటబట్టడానికి నాకు ఏడాది పట్టింది.

దీని అసలు గొప్పతనం మనుషుల్ని కాపాడటం. పాత రకం టగ్‌ని తాడు పక్కనుంచి లాగితే బోల్తా పడే ప్రమాదముంది. మా దాంట్లో టగ్‌ని నెట్టే పళ్ళేలు ముందు, తాడు పట్టు వెనక. ఒక నవంబర్ గాలిలో ఓడ మేం అనుకున్నదానికంటే ముందే కదిలింది. తాడు అడ్డంగా బిగిసి డెక్ మీదికి నీళ్ళొచ్చాయి. తాడుని వదిలేసే హుక్ లివర్ మీద చెయ్యి వేశాను. లాగేలోపే టగ్ తనంతట తాను తోక తిప్పుకుని తాడుకి సూటిగా వచ్చేసింది. ఆ రోజు డెక్ మీద నలుగురం ఉన్నాం.

నిలకడ నీళ్ళలో ఏమవుతుందిలే అనుకోవద్దు. 1990 మార్చిలో బుద్ధ విగ్రహాన్ని తీసుకెళ్తున్న బార్జి ఒరిగింది ఈ హుస్సేన్ సాగర్‌లోనే. మనుషులు పోయారు. విగ్రహాన్ని 1992లో గానీ పైకి తీసి నిలబెట్టలేకపోయారు.

లోపాలూ చెప్పాలి. అంతే హార్స్‌పవర్ ఉన్న ఏఎస్‌డీ టగ్ (వెనక భాగంలో ఎటైనా తిరిగే ప్రొపెల్లర్లున్న రకం) దీనికంటే ఎక్కువ లాగుతుంది. దూరం లాక్కెళ్ళే పనికి నేనైతే దాన్నే అడుగుతాను. బ్లేడ్లకు వలలు, తెగిన తాళ్ళు చుట్టుకుంటే డైవర్ దిగాల్సిందే. నాకు ఎక్కువ కోపం తెప్పించింది మాత్రం కేబిన్. చుట్టూ అద్దాలతో చలిదేశంలో గీసింది గీసినట్టే కట్టారు. మే నెలలో ఏసీ ఆగితే చొక్కా పిండుకోవాలి. ఎన్నిసార్లు రాసిచ్చినా నీడ రేకు వేయడానికి మూడేళ్ళు పట్టింది.

డాక్‌యార్డు లోపలి పనికైతే ఈ రోజుకీ నా ఓటు దీనికే. కుర్రాడికి ఇంకొకటి కూడా చెప్పాను: ఏ టగ్ ఎక్కినా ముందు హుక్ వదిలే లివర్ ఎక్కడుందో చూసుకో, చీకట్లో కూడా చెయ్యి నేరుగా దాని మీదికే వెళ్ళాలి.