రీబిల్ట్ టైటిల్ క్యామ్రీ, ఇన్నేళ్లు నడిపాక

డాలస్‌కు కొత్తగా వచ్చిన పిల్లలు కారు వెతుక్కునేటప్పుడు ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు: "అన్నా, రీబిల్ట్ టైటిల్ అంట, బాగా తక్కువకి వస్తోంది, తీసుకోవచ్చా?" టైటిల్ అంటే కారు ఎవరిదో చెప్పే కాగితం, రీబిల్ట్ అంటే బాగా దెబ్బతిన్నాక బాగు చేసిన కారని దాని మీద పడే ముద్ర. నేను 2014 క్యామ్రీని అదే టైటిల్‌తో కొని ఏళ్ల తరబడి నడుపుతున్నాను కాబట్టి నా దాకా వస్తారు. కారు సంగతి తర్వాత, ముందు నీ సంగతి చెప్పమంటాను. రెండేళ్లలో అమ్మేసి ఇంకో ఊరు వెళ్లిపోయేవాళ్లకైతే వద్దనే చెప్తాను. లోన్ లేకుండా సొంత డబ్బుతో కొని, అది మూలనపడేదాకా నడుపుతానంటే, అప్పుడు ఫొటోలు చూపించమంటాను.

ఫొటోల కన్నా ముందు కాగితం. ప్రమాదం జరిగాక రిపేరు ఖర్చు కారు విలువకు మించిపోతుంటే ఇన్సూరెన్స్ కంపెనీ దాన్ని టోటల్ లాస్ అని తేల్చేస్తుంది. హద్దు ఎక్కడన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. ఫ్లోరిడాలో విలువలో 80 శాతం, టెక్సస్‌లో 100 శాతం. కాలిఫోర్నియాలో రిపేరు ఖర్చుకు తుక్కు ధర కూడా కలిపి లెక్క చూస్తారు. అందుకే అదే దెబ్బ తిన్న కారు ఒకచోట సాల్వేజ్ (తుక్కు కింద లెక్క) అవుతుంది, ఇంకోచోట ఏ ముద్రా లేని క్లీన్ టైటిల్‌తోనే తిరుగుతుంది. సాల్వేజ్ టైటిల్ మీద కారు రోడ్డెక్కకూడదు. టెక్సస్‌లో అయితే బాగు చేసినవాళ్లు ఏం చేశారో, పార్టులు ఎక్కడివో వీటీఆర్-61 ఫారంలో రాసిచ్చి, 65 డాలర్లు కడితే "రీబిల్ట్ సాల్వేజ్" అని కొత్త టైటిల్ వస్తుంది. ఆ ముద్ర ఇక జన్మలో పోదు.

గమనించాల్సింది ఏమిటంటే ఆ ఫారం బాగు చేసినవాడు తనంతట తాను రాసిచ్చేది. వెల్డింగ్ సరిగ్గా పడిందా లేదా అని ఆఫీసు వాళ్లెవరూ కారు కింద దూరి చూడరు. పైగా 2025 జనవరి నుంచి టెక్సస్‌లో మామూలు కార్లకు ఏటా జరిగే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ కూడా ఎత్తేశారు. డాలస్ లాంటి కొన్ని కౌంటీల్లో పొగ పరీక్ష ఒక్కటే మిగిలింది. నా టైటిల్ మీద "రీబిల్ట్ సాల్వేజ్ - డ్యామేజ్డ్" అని ఉంది. "లాస్ అన్‌నోన్" అని ఉన్నవి కూడా అమ్మకానికి వస్తుంటాయి. ఏం జరిగిందో టైటిలే చెప్పలేని కారు జోలికి నేను పోను.

నాకు ధైర్యం వచ్చింది ఫొటోల వల్లే. ఇలాంటి కార్లు ఎక్కువగా కోపార్ట్, ఐఏఏ అనే కంపెనీలు దెబ్బతిన్న కార్లకు పెట్టే వేలాల మీదుగా వస్తాయి. 17 అంకెలూ అక్షరాలూ ఉన్న విన్ నంబర్‌ను (ప్రతి కారుకూ ఉండే గుర్తింపు నంబరు) గూగుల్‌లో కొడితే, బాగు చేయకముందు వేలంలో తీసిన ఫొటోలు చాలాసార్లు బయటపడతాయి. నా క్యామ్రీకి ఎడమ హెడ్‌లైట్ దగ్గర తగిలింది. ఫెండర్ నలిగిపోయింది, హుడ్ ఆ మూల పైకి లేచింది, చక్రం కొంచెం వెనక్కి జరిగింది. ఎయిర్‌బ్యాగులు మాత్రం తెరుచుకోలేదు, తలుపుల సందులు చెదరలేదు. అమ్మేవాడు "చిన్న దెబ్బే, బంపర్ మార్చాం అంతే" అంటున్నాడు. ఫోన్లో ఆ ఫొటో తీసి చూపించాక బేరం దానంతటదే దిగింది.

ఫొటోలు దొరకకపోయినా ఎన్‌ఎంవీటీఐఎస్ అనే జాతీయ టైటిల్ రికార్డు నుంచి తీసే రిపోర్టు ఉంది, కొద్ది డాలర్లకే వస్తుంది. ఇన్సూరెన్స్ కంపెనీలు, తుక్కు యార్డులు దానికి 2009 నుంచి తప్పనిసరిగా వివరాలు పంపాలి. ఇన్సూరెన్స్ మోసాలు చూసే ఎన్‌ఐసీబీ సంస్థ వాళ్ల విన్ చెక్ అయితే ఉచితమే. కారు చరిత్ర అమ్మే కార్‌ఫ్యాక్స్ రిపోర్టు ఒక్కటి చూసి సరిపెట్టుకోవద్దు. ఒక రాష్ట్రంలో పడిన ముద్రను ఇంకో రాష్ట్రంలో రిజిస్టర్ చేయించి మాయం చేసే ఘనులు ఉన్నారు, దానికి టైటిల్ వాషింగ్ అని పేరు కూడా ఉంది.

ఇక నడిపిన అనుభవం. ఇంజిన్, గేర్‌బాక్స్ గురించి రాయడానికి ఏమీ లేదు. వేళకు ఆయిల్ మారిస్తే చాలు, క్లీన్ టైటిల్ క్యామ్రీ ఎలా నడుస్తుందో ఇదీ అలాగే నడిచింది. ఇబ్బంది పెట్టినవన్నీ ఆ ఎడమ మూల నుంచే వచ్చాయి.

మొదట టైరు. ఎడమ ముందు టైరు బయటి నుంచి చూస్తే కొత్తదానిలా ఉండేది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి లోపలి అంచు మీద చెయ్యి పెడితే గీతలన్నీ అరిగిపోయి నున్నగా తగిలింది. అలైన్‌మెంట్ చేయించాను, కొన్నాళ్లకు మళ్లీ అదే తంతు. చేసినప్పుడల్లా చేతికిచ్చే ప్రింటౌట్‌లో ఎడమ చక్రం క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలిన కోణం) అంకె ఎర్రగానే ఉండేది. షాపువాళ్లు "ఇంతకన్నా రాదు" అని డబ్బులు తీసుకుని పంపేవాళ్లు. చివరికి ఫ్రేమ్ పనులు చేసే ఒక ముసలి మెకానిక్ లిఫ్ట్ మీద ఎత్తి, సబ్‌ఫ్రేమ్ (ఇంజిన్‌నీ ముందు చక్రాల భాగాలనీ మోసే ఇనుప చట్రం) బోల్టుల దగ్గర టార్చ్ వేసి చూపించాడు. వాషర్ ఫ్యాక్టరీలో కూర్చున్న చోట మెరిసే గుండ్రటి గుర్తు ఒకటి, ఇప్పుడు వాషర్ ఉన్న చోటు దానికి పక్కన ఇంకొకటి. అంటే దెబ్బకు సబ్‌ఫ్రేమ్ జరిగింది, జరిగిన చోటే బిగించేశారు. చక్రాన్ని పట్టి ఉంచే స్టీరింగ్ నకిల్ కూడా కొద్దిగా వంగి ఉంది. బాగు చేసినవాడు కంటికి కనపడేదల్లా మార్చి, కనపడనివి ఉన్నవి ఉన్నట్టు ఉంచేశాడన్నమాట. సబ్‌ఫ్రేమ్ సర్ది, తుక్కు యార్డు నుంచి తెచ్చిన నకిల్ వేశాక ఆ టైరు గోల వదిలింది.

కాబట్టి కొనేముందు ఇన్‌స్పెక్షన్ చేయించేటప్పుడు మామూలు మెకానిక్ కంటే బాడీ షాపు మనిషి నయం. కంప్యూటర్ పెట్టి కోడ్లు చదవడం ఎవరైనా చేస్తారు. అలైన్‌మెంట్ ప్రింటౌట్ కొనకముందే తీయించండి. సరిచేయించాల్సిన పని లేదు, అంకెలు చూసుకుంటే చాలు.

తర్వాత ఏసీ. బాగు చేసేటప్పుడు వేసిన చవక కండెన్సర్ నడి వేసవిలో లీకై చేతులెత్తేసింది. డాలస్ ఎండల్లో ఏసీ లేని కారంటే ఏమిటో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఎడమ హెడ్‌లైట్‌లో వాన పడినప్పుడల్లా చెమ్మ చేరుతుంది, కుడిది ఒరిజినల్ కాబట్టి పొడిగానే ఉంటుంది. ఎండలో పక్క నుంచి చూస్తే ఫెండర్ రంగు తలుపు రంగుతో కలవదు. ఈ రెండూ నేను పట్టించుకోవడం మానేశాను.

ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్న కారైతే నేను అసలు కొనేవాణ్ణి కాదు, ఇది మాత్రం గట్టిగా చెప్తాను. ఒరిజినల్ బ్యాగులు ఖరీదు. అందుకని నకిలీ ఇన్‌ఫ్లేటర్లు (బ్యాగులో గాలి నింపే పరికరాలు) పెట్టేవాళ్లు, ఏమీ పెట్టకుండా కవర్ మూసేసేవాళ్లు కూడా ఉన్నారు. అలాంటి నాసిరకం ఇన్‌ఫ్లేటర్లు పేలి మనుషులు చనిపోయారని అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2024లో హెచ్చరిక ఇచ్చింది. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కాసేపటికి ఆరాలి. అసలు వెలగకపోతే లైటే పీకేశారేమో అనుమానించాలి. సరిగ్గా వెలిగి ఆరినా పూర్తి భరోసా లేదు, రెసిస్టర్ పెట్టి ఆ లైటును మోసం చేయొచ్చు. నీళ్లలో మునిగిన కార్లూ అంతే. 2017లో హ్యూస్టన్‌లో హార్వీ వరదకు మునిగినవి లక్షల్లో ఉన్నాయి. నీళ్లు తాగిన వైరింగ్ ఎప్పుడు మొరాయిస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఇన్సూరెన్స్ విషయంలో అడిగిన ఒక కంపెనీ లయబిలిటీ (అవతలివాళ్లకు జరిగిన నష్టానికి మాత్రమే) తప్ప ఏదీ ఇవ్వనంది. ఇంకోటి ఫొటోలన్నీ తీసుకుని కాంప్రెహెన్సివ్ (వడగళ్లు, దొంగతనం లాంటివాటికి) కూడా ఇచ్చింది. ప్రీమియం ఏమీ తగ్గలేదు, అది వేరే సంగతి. ఒక వసంతంలో వడగళ్ల వానకు పైకప్పంతా సొట్టలు పడితే ఆ కవరేజీ విలువ తెలిసింది. దాంతోపాటు రీబిల్ట్ ముద్ర విలువ కూడా. నష్టం లెక్క కట్టడానికి ఇన్సూరెన్స్ వాళ్లు పంపిన అడ్జస్టర్ ఇచ్చిన కాగితంలో కారు ధర రాసి, కింద టైటిల్ బ్రాండ్ పేరుతో పెద్ద కోత కోశారు. సొట్టలు తీయించే ఖర్చు ఆ కోసిన ధరకు కొద్దిగా తక్కువ ఉండబట్టి రిపేరుతో బయటపడ్డాను. కొంచెం ఎక్కువైతే మళ్లీ టోటల్ లాసే, చేతికొచ్చేది ఆ కోసిన మొత్తమే. ట్రేడ్-ఇన్‌కి (పాత కారిచ్చి ఇంకోటి తీసుకోవడానికి) ఎక్కడ అడిగినా ఇదే వరస. టైటిల్ పేరెత్తగానే అవతలివాళ్ల గొంతు మారుతుంది.

లీన్ ఉన్న కారంటే, అంటే లోన్ తీరక అప్పిచ్చినవాళ్ల హక్కు ఇంకా టైటిల్ మీద ఉన్న కారంటే, మనవాళ్లు దీనికన్నా ఎక్కువ భయపడతారు. నాకు మాత్రం అది అంత పెద్ద టెన్షన్‌గా అనిపించదు. లీన్ డబ్బు కడితే పోతుంది. మా ఇంట్లో రెండో కారు సివిక్ అలా వచ్చిందే. ఇండియా వెళ్లిపోతున్న ఒకాయన అమ్మారు, లోన్ ఇంకా మిగిలి ఉంది. అప్పు ఇచ్చిన సంస్థకు ఊళ్లో బ్రాంచి లేదు, టైటిల్ ఎలక్ట్రానిక్‌గా వాళ్ల దగ్గరే ఉంది. ఆయన చేత పేఆఫ్ లెటర్ తెప్పించాం. ఏ తేదీ దాకా ఎంత కట్టాలి, దాటితే రోజుకి ఎంత వడ్డీ అన్నది అందులో ఉంటుంది. క్యాషియర్స్ చెక్ ఆ సంస్థ పేరు మీదే తీయించి, లోన్ అకౌంట్ నంబర్, విన్ దాని మీద రాయించాం. అమ్మే మనిషి చేతికి డబ్బిచ్చి "మీరే కట్టేయండి" అంటే, ఆయన కట్టకపోతే అప్పిచ్చినవాళ్లు వచ్చి కారు ఎత్తుకుపోయేది మన గుమ్మం ముందు నుంచే. బేరం ధరలో లోన్ పోను ఆయనకు మిగిలేదాంట్లో కొంత టైటిల్ వచ్చాకే ఇస్తామన్నాం. ఆయన చిన్నబుచ్చుకుంటే మా ఆవిడే సర్దిచెప్పింది: "మీ మీద నమ్మకం లేక కాదు అన్నయ్యా, రేపు మీరు అక్కడ, మేమిక్కడ."

"లోన్ ఎప్పుడో తీర్చేశాను, టైటిల్ మీద పేరు అలా ఉండిపోయింది" అనేవాళ్లూ తగులుతారు. నిజమే కావచ్చు. అయినా హక్కు వదులుకున్నామని అప్పిచ్చినవాళ్లు ఇచ్చే లీన్ రిలీజ్ ఒరిజినల్ చేతికి రాకుండా డబ్బివ్వొద్దు. న్యూయార్క్ లాంటి చోట్ల లోన్ ఉండగానే టైటిల్ ఓనర్ చేతికిస్తారు. కాగితం చూపించారు కదా అని మురిసిపోకుండా దాని మీద లీన్‌హోల్డర్ పేరుందేమో చూసుకోవాలి.

మా సివిక్ విషయంలో చిక్కంతా ఆయన ఫ్లైట్ తేదీతోనే. టెక్సస్‌లో లోన్ తీరాక లీన్ వదలడానికి పది పని దినాల గడువుంది. ఆ తర్వాత కాగితం టైటిల్ పోస్టులో రావాలి, అప్పటికి ఆయన ఇండియాలో ఉంటారు. వీటీఆర్-271 ఫారం మీద తన బదులు సంతకం పెట్టే అధికారం, అంటే పవర్ ఆఫ్ అటార్నీ, నాకే రాసిచ్చేస్తానన్నారు. కానీ ఓడోమీటర్ రీడింగ్ దగ్గర అమ్మేవాడి సంతకం, కొనేవాడి సంతకం ఒకే మనిషి చేయకూడదు. అందుకని ఆయన రూమ్మేట్ పేరు మీద రాయించుకున్నాం. టైటిల్ ఆ రూమ్మేట్ అడ్రసుకే వచ్చింది, అతను సంతకం పెట్టాడు, టైటిల్ మార్పు దరఖాస్తు అయిన 130-యూ ఫారం, 6.25 శాతం టాక్స్ తీసుకుని కౌంటీ టాక్స్ ఆఫీసుకు వెళ్లి నా పేరుకి మార్పించుకున్నాను. ఆపి ఉంచిన డబ్బు ఆయన అమెరికా అకౌంటుకే పంపాం. వెళ్లేముందు ఆ అకౌంట్ మూసేయొద్దని మా ఆవిడ ముందే చెప్పి ఉంచింది.