మా ఊరి కంపెనీ వాటర్ ప్లాంటు: నీళ్ళకి నాలుగు స్టార్లు, సర్వీసుకి రెండు

కనిగిరి వైపు నీళ్ళ సంగతి తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, బోరు నీళ్ళలో ఫ్లోరైడ్, మా నాన్న వయసు వాళ్ళలో పళ్ళు గార పట్టనివాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అలాంటి మా ఊళ్ళో 2022లో ఒక కంపెనీ (పేరెందుకులెండి) సీఎస్సార్ (కంపెనీలు తమ లాభాల్లోంచి సమాజం కోసం చట్టప్రకారం పెట్టాల్సిన ఖర్చు) డబ్బుతో ఆర్వో ప్లాంటు పెట్టింది. రోజూ టిన్ను మోసే మనిషిగా రాస్తున్నా.

నీళ్ళు బాగుంటాయి. పప్పు త్వరగా ఉడుకుతోంది, టీలో ఆ ఉప్పదనం లేదు. కార్డు పెడితే 20 లీటర్లు, మొదట్లో 5 రూపాయలు. పక్క వీధి ప్రైవేటు ప్లాంటులో అదే టిన్ను 15. పైపు మాత్రం మరీ ఎత్తున పెట్టారు, టిన్ను పైకెత్తి పట్టుకోకపోతే సగం నీళ్ళు చెప్పుల మీదే. ఇంకోటి, ఆపరేటరు మీటరు ముంచి టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాలు మొత్తం) ఎంతో చూపిస్తాడు గానీ అందులో ఫ్లోరైడ్ కనపడదు, దానికి ల్యాబుకి పంపాల్సిందే.

ఇక సర్వీసు. పోయిన వేసవిలో ధార సన్నబడిపోయి టిన్ను నిండడానికి పావుగంట పట్టేది, తర్వాత అదీ ఆగిపోయింది. మెంబ్రేన్ (నీళ్ళని వడకట్టే పొర) పోయిందన్నాడు ఆపరేటరు. కంపెనీకి ఫోన్ చేస్తే "పంచాయతీకి అప్పగించేశాం కదండీ" అన్నారు, పంచాయతీలో అడిగితే "పెట్టింది వాళ్ళు, వాళ్ళనే అడుగు" అన్నారు. ఆరు వారాలు 15 రూపాయల నీళ్ళు తాగాం.

కంపెనీ అకౌంట్లు రాసే మా బావమరిదిని అడిగితే అసలు సంగతి తెలిసింది. 2021లో మారిన రూల్స్ ప్రకారం సీఎస్సార్ డబ్బుతో కట్టినదాన్ని కంపెనీ తన పేరున ఉంచుకోకూడదట, పంచాయతీకో ట్రస్టుకో మహిళా సంఘానికో ఇచ్చేయాలి. మంచి రూలే. కానీ ఇచ్చేటప్పుడు మెంబ్రేన్‌కి డబ్బు ఎవరు పెట్టుకోవాలో ఎవరూ కాగితం మీద రాసుకోలేదు.

ఇంకా అడిగా, ఈ ఏడాది కొత్త ఊళ్ళలో ప్లాంట్లు ఎందుకు పెట్టట్లేదని. దానికీ లెక్కే. నికర విలువ (ఆస్తుల్లో అప్పులు పోను మిగిలేది) 500 కోట్లో, టర్నోవర్ 1000 కోట్లో, నికర లాభం 5 కోట్లో, ఈ మూడింట్లో ఒకటి దాటిన కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. మాటవరసకి లాభం 30 కోట్లు, 24 కోట్లు, 6 కోట్లుగా పడిపోతూ వచ్చిందనుకోండి, సగటు 20 కోట్లు, సీఎస్సార్ 40 లక్షలు. ఇంకో రెండేళ్ళు 6 కోట్లే వస్తే అది 12 లక్షలకి దిగుతుంది. అందుకే సీఎస్సార్ చేసే కంపెనీలకి లాభాలు బాగుంటాయని ఎవరైనా గ్రాఫు చూపిస్తే నాకు నవ్వొస్తుంది, మన దేశంలో ఈ చట్టం పట్టుకునేదే లాభాలున్నవాళ్ళని, ఏది ముందో ఏది వెనకో చూసుకోవద్దూ?

అలాగని కంపెనీకి ఏమీ రాలేదనీ అనను. ఈ ఖర్చుని ఆదాయపు పన్ను లెక్కలో వ్యాపార ఖర్చుగా చూపించుకోవడం కుదరదు, నిజమే. కానీ ఆమధ్య వాళ్ళ ఫ్యాక్టరీ విస్తరణకి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు మా ఊరినుంచి ఒక్కరూ లేచి గట్టిగా మాట్లాడలేదు, నాతో సహా. నోట్లో వాళ్ళ నీళ్ళే ఉన్నాయి మరి! దాని విలువ ఏ బ్యాలెన్స్ షీట్‌లో రాస్తారో మా బావమరిదికీ తెలీదు.

చివరికి మహిళా సంఘం వాళ్ళు టిన్నుకి 2 రూపాయలు పెంచి, ఆ 2 రూపాయలు విడిగా దాస్తామని పూచీ పడి, అప్పు తెచ్చి మెంబ్రేన్ వేయించారు. ఇప్పుడు టిన్ను 7 రూపాయలు, ధార జోరుగా ఉంది. పొద్దున ఏడు లోపు వెళ్ళండి, తర్వాత లైను పెద్దది. మూత ఇంటినుంచే తెచ్చుకోండి, అక్కడివి ఎప్పుడో మాయమైపోయాయి.