జేఎస్‌సైక్ వీడియో ప్లగిన్: ఆడించడం వచ్చు, ఆగిందని చెప్పడం రాదు

బ్రౌజర్‌లో మనస్తత్వ ప్రయోగాలు నడిపేవాళ్లకు జేఎస్‌సైక్ కొత్తేమీ కాదు. జాష్ డి లీవ్ మొదలుపెట్టిన ఈ ఉచిత లైబ్రరీ (సిద్ధంగా ఉన్న కోడ్ సంపుటి) ఇప్పుడు 8వ వెర్షన్‌కు వచ్చింది. వీడియో చూపించడానికి ఇందులో మూడు ప్లగిన్లు (ఒక్కో పనికి తగిలించుకునే కోడ్ ముక్కలు) ఉన్నాయి: జవాబును కీబోర్డుతో తీసుకునేది, బటన్‌తో తీసుకునేది, స్లైడర్‌తో తీసుకునేది. లోపల మూడింటి పనితీరూ దాదాపు ఒకటే కాబట్టి ఈ సమీక్ష మూడింటికీ వర్తిస్తుంది.

సెటప్ తేలికే. పది లైన్లలో క్లిప్పు తెర మీదికి వస్తుంది. కొత్తవాళ్లు మొదట తట్టుకునే రాయి ఒకటే. స్టిములస్ (చూపించాల్సిన ఫైలు) దగ్గర ఫైలు పేరును ఒంటరిగా రాస్తే కుదరదు, ఒక్క ఫైలైనా చదరపు బ్రాకెట్లలో జాబితాగానే ఇవ్వాలి. అదే క్లిప్పును రెండు ఫార్మాట్లలో ఇవ్వొచ్చు గానీ ప్రీలోడ్ చేసినప్పుడు, అంటే ఫైళ్లను ముందే దించుకున్నప్పుడు, జాబితాలో మొదటిదాన్నే వాడుకుంటుంది. రెండోది అక్కరకు వస్తుందని నమ్ముకోకండి.

అసలు పరీక్ష ప్రీలోడ్ దగ్గర. ఆటో ప్రీలోడ్ ఆన్ చేస్తే అన్నీ దిగిపోతాయని చాలామంది అనుకుంటారు. టైమ్‌లైన్ వేరియబుల్ (ఒక్కో ట్రయల్‌కు, అంటే ప్రయోగంలోని ఒక్కో మెట్టుకు, మారే విలువ) ద్వారానో ఫంక్షన్ ద్వారానో వచ్చే ఫైళ్లు దాని కంటికి ఆనవు. వాటిని ప్రీలోడ్ ట్రయల్‌లోని వీడియో జాబితాలో చేత్తో రాయాలి. లేకపోతే క్లిప్పు అప్పటికప్పుడు నెట్ నుంచి వస్తుంది, మధ్యలో గింగిరాలు తిరుగుతుంది. ఇంకొకటి, హెచ్‌టీఎంఎల్ ఫైలును డబుల్ క్లిక్ చేసి తెరిస్తే జేఎస్‌సైక్ సేఫ్ మోడ్‌లోకి వెళ్లి వీడియో ప్రీలోడ్‌నే మానేస్తుంది. అంటే డెస్క్‌టాప్ మీద చేసిన పరీక్ష పరీక్షే కాదు. సొంత కంప్యూటర్‌లోనే నడిచే చిన్న లోకల్ సర్వర్ మీదైనా నడిపి చూడాలి.

లెక్క కూడా వేసుకోవాలి. 10 సెకన్ల క్లిప్పు 1.5 ఎంబీపీఎస్ బిట్‌రేటుతో సుమారు 1.9 ఎంబీ అవుతుంది. అలాంటివి 40 ఉంటే 75 ఎంబీ. 4 ఎంబీపీఎస్ మొబైల్ నెట్ మీద రెండున్నర నిమిషాలు లోడింగ్ గీతను చూస్తూ కూర్చోవాలి, సగం మంది ట్యాబ్ మూసేసి పోతారు. ప్రతి బ్లాకు ముందు పదేసి క్లిప్పులకు ఒక ప్రీలోడ్ ట్రయల్ పెడితే ఒక్కోసారి 38 సెకన్లతో సరిపోతుంది. లోడింగ్‌కు గరిష్ఠ సమయం డిఫాల్ట్‌గా ఏమీ ఉండదు, నెట్ తెగిపోతే అలాగే ఎదురుచూస్తూ ఉంటుంది. 1,20,000 మిల్లీసెకన్లు ఇవ్వండి. పైలట్ దశలో వివరమైన ఎర్రర్లు చూపించే ఆప్షన్ ఆన్‌లో ఉంచితే ఏ ఫైలు రాలేదో పేరుతో సహా చెబుతుంది. ఈ ఒక్క ఆప్షన్‌కు మాత్రం పూర్తి మార్కులు వేయొచ్చు.

ఫైలు రాకపోవడానికి కారణాలు మామూలువే. విండోస్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా పట్టదు, వెబ్‌పేజీలు పెట్టుకునే గిట్‌హబ్ పేజెస్‌లో పడుతుంది. అక్కడ ఫైలుకు 100 ఎంబీ హద్దు ఉంది, ఎల్‌ఎఫ్‌ఎస్‌లో (పెద్ద ఫైళ్ల కోసం ఉన్న విడి నిల్వలో) పెట్టిన ఫైళ్లను పేజెస్ వడ్డించదు. వీడియోలు వేరే డొమైన్‌లో ఉంటే ఆ సర్వర్ క్రాస్ ఆరిజిన్ అనుమతి హెడర్ (వేరే సైటు ఈ ఫైలును చదవొచ్చని చెప్పే సందేశం) పంపాలి. ఎందుకంటే ప్రీలోడ్ ఫైలు మొత్తాన్ని ముందే మెమరీలోకి లాగుతుంది. లింకును బ్రౌజర్‌లో నేరుగా తెరిస్తే ఆడిన వీడియో ప్రయోగంలో రాకపోతే, అనుమానించాల్సింది మొదట దీన్నే.

ఫైలు వచ్చినా బొమ్మ రాకపోతే కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) సంగతి చూడాలి. ఐఫోన్‌లో తీసిన వీడియో సాధారణంగా హెచ్‌ఈవీసీలో, ఎంఓవీ డబ్బాలో ఉంటుంది. అది అన్ని బ్రౌజర్లలో, అన్ని పరికరాల్లో ఆడుతుందన్న భరోసా లేదు. ప్రీలోడ్ చేయకపోతే ప్లగిన్ కూడా ఎంఓవీ చూసి కన్సోల్‌లో (బ్రౌజర్‌లో డెవలపర్లు చూసే సందేశాల కిటికీలో) హెచ్చరిస్తుంది, కానీ పాల్గొనేవాళ్లు కన్సోల్ చూడరుగా! ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో మార్పిడి సాధనంతో హెచ్.264 కోడెక్‌కు మార్చండి: పిక్సెల్ ఫార్మాట్ (రంగుల సమాచారం దాచే పద్ధతి) వైయూవీ420పీ, నాణ్యతను నిర్ణయించే సీఆర్‌ఎఫ్ 23, ఆడియో ఏఏసీ, ఫ్రేమ్ రేటు స్థిరంగా 30. ఫోన్ రికార్డింగుల్లో ఫ్రేమ్ రేటు మారుతూ ఉంటుంది, చివరిది అందుకే. పిక్సెల్ ఫార్మాట్ మరిచిపోతే వైయూవీ444తో తయారైన ఫైలు క్రోమ్‌లో ఆడి ఫైర్‌ఫాక్స్‌లో మొరాయించవచ్చు. వెడల్పు, ఎత్తు సరిసంఖ్యలు కాకపోతే ఎన్‌కోడర్ అసలు ముందుకే కదలదు. ఫైలంతా దిగకముందే ఆట మొదలయ్యేలా చేసే ఫాస్ట్‌స్టార్ట్ ఫ్లాగ్ ప్రీలోడ్ లేకుండా ఆడించేవాళ్లకే ఉపయోగం. ప్రీలోడ్ చేసినప్పుడు ఎలాగూ ఫైలంతా దిగుతుంది కాబట్టి దానివల్ల తేడా ఉండదు.

క్లిప్పులో ఒక ముక్కే చూపించడానికి స్టార్ట్, స్టాప్ ఆప్షన్లున్నాయి. స్టార్ట్ పర్వాలేదు, స్టాప్‌ను నమ్మొద్దు. బ్రౌజర్ అప్పుడప్పుడూ పంపే టైమ్‌అప్‌డేట్ సంకేతం చూసి అది ఆపుతుంది, ఆ సంకేతాల మధ్య దూరం 250 మిల్లీసెకన్ల దాకా ఉండొచ్చు. ముక్కను ముందే కోసిపెట్టుకోవడం మేలు. కోసేటప్పుడు తిరిగి ఎన్‌కోడ్ చేయండి. నేరుగా కాపీ చేస్తే కోత కీఫ్రేమ్ (బొమ్మ పూర్తిగా దాచి ఉన్న ఫ్రేము) ఉన్నచోటికి జరుగుతుంది.

ఆటోప్లే గొడవ 2018లో క్రోమ్ 66తో ముదిరింది. శబ్దం ఉన్న వీడియో దానంతట అది మొదలవ్వాలంటే ముందు పేజీలో ఎక్కడో ఒక నొక్కు పడాలి. ప్రయోగం మొదట్లో "ప్రారంభించు" బటనో ఫుల్‌స్క్రీన్ ట్రయలో ఉంటే ఈ చిక్కు తీరిపోతుంది.

అసలు ఫిర్యాదు ఇక్కడ. వీడియో అయ్యాకే జవాబు తీసుకోవాలని పెట్టి, ఏ కారణం చేతనో వీడియో మొదలే కాకపోతే పాల్గొనే మనిషి ఆ తెర మీదే ఇరుక్కుపోతారు. పోనీ ట్రయల్ నిడివిని సరిగ్గా 10 సెకన్లకు కడితే, మధ్యలో 3 సెకన్లు ఆగిన వీడియోలో చివరి 3 సెకన్లు కోసుకుపోతాయి. డేటాలో మాత్రం అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. రెండూ కలిపి వాడండి: వీడియో పూర్తయితే ట్రయల్ ముగిసేలా పెట్టి, 10 సెకన్ల క్లిప్పుకు 25 సెకన్ల నిడివిని కాపలాగా ఉంచండి. జవాబు కోసం ఆగే ప్రయోగమైతే ఆ సమయాన్ని కూడా కలుపుకోవాలి.

ఆగిన సంగతి తెలియాలంటే ఆన్‌లోడ్‌లో (ట్రయల్ తెర మీదికి రాగానే నడిచే ఫంక్షన్‌లో) వీడియో ఎలిమెంట్‌ను పట్టుకుని వెయిటింగ్, ప్లేయింగ్, ఎండెడ్, ఎర్రర్ సంకేతాలను సమయాలతో రాయించాలి. ముగింపులో మొత్తం ఫ్రేముల్లో ఎన్ని జారిపోయాయో బ్రౌజర్‌నే అడిగి డేటాలో చేర్చాలి. ఇరవై లైన్ల కోడ్. ప్లగినే రాసుకుని ఉండాల్సిన సమాచారం ఇది, ఇన్ని వెర్షన్ల తర్వాత కూడా మనమే రాయాలా అనిపిస్తుంది. మధ్యలో వేరే ట్యాబ్‌కు వెళ్లినవాళ్లను జేఎస్‌సైక్ తనంతట తానే నమోదు చేస్తుంది గానీ ఆ ఇంటరాక్షన్ డేటా అసలు డేటాతో కలిసి రాదు, విడిగా సేవ్ చేయాలి.

ముఖకవళికలకు రేటింగులు, పాఠం చూపించి ప్రశ్నలు లాంటి పనులకు ఇది చాలు. జవాబు సమయాన్ని వీడియోలోని ఒకానొక ఫ్రేముకు ముడివేసే ప్రయోగాలకు చాలదు. 30 ఎఫ్‌పీఎస్‌లో ఫ్రేముకు 33 మిల్లీసెకన్లు, ఏ ఫ్రేము ఎప్పుడు తెర మీదికి వచ్చిందో ప్లగిన్ రాయదు. దానికి బ్రౌజర్‌లోని వీడియో ఫ్రేమ్ కాల్‌బ్యాక్‌తో (కొత్త ఫ్రేము వచ్చినప్పుడల్లా కబురు చేసే సౌకర్యంతో) సొంత ప్లగిన్ రాసుకోవాలి. క్రోమ్‌లో 2020 నుంచి ఉన్న ఆ సౌకర్యం ఫైర్‌ఫాక్స్‌కు 2024లో, 132వ వెర్షన్‌తో గానీ రాలేదు. పాత ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లను మొదటి పేజీలోనే ఆపేయాలి.