ఆరో తరగతికి ఏ సర్కారు బడి? నల్లగొండ, పాలమూరు తల్లిదండ్రుల కోసం ఒక పోలిక

ఐదో తరగతి అయిపోగానే ప్రైమరీ బడి టీసీ చేతిలో పెడుతుంది. అక్కడి నుంచి దారులు చాలానే ఉన్నాయి: ఊళ్లోనే యూపీఎస్ (ఏడు లేదా ఎనిమిది దాకా ఉండే ప్రాథమికోన్నత బడి), పక్క ఊరి జెడ్పీ హైస్కూల్, మోడల్ స్కూల్, ఆడపిల్లలకు కస్తూర్బా హాస్టల్ బడి, పరీక్ష రాసి నెగ్గితే గురుకులమో నవోదయో. అన్నీ సర్కారు బడులే అయినా ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల చదువు ఒక్కో చోట ఒక్కో తీరుగా ఉంటది. కొత్త రంగులు, గేటు మీద పదో తరగతి ఫలితాల ఫ్లెక్సీ చూసి తేల్చుకోవద్దు. ముందు ఒక్క మాట అడగండి: ఆరో తరగతికి లెక్కలు ఎవరు చెప్తున్నరు?

యూపీఎస్‌లో ఈ ప్రశ్నకు జవాబు చాలాసార్లు నిరాశపరుస్తుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఈ స్థాయిలో సైన్సు, లెక్కలు కలిపి కనీసం ఒక్క టీచరు ఉండాలి. సాంఘికానికి ఒకరు, భాషలకు ఒకరు. పిల్లలు తక్కువైతే ఆ కనీసమే గరిష్ఠమైపోతుంది. లెక్కల సారు సెలవు పెడితే చిన్న తరగతుల టీచరు (ఎస్జీటీ) రెండు గదుల మధ్య తిరుగుతూ నెట్టుకొస్తడు. పైగా ఏడుతో ఆగే బడి అయితే ఎనిమిదికి మళ్లీ టీసీ, మళ్లీ కొత్త బడి. ఆరు, ఏడులో సామాన్య శాస్త్రంగా ఒకటే ఉన్న సబ్జెక్టు భౌతిక, జీవ శాస్త్రాలుగా విడిపోయేదీ ఎనిమిదిలోనే. సరిగ్గా అప్పుడే బడి మారడం పిల్లలకు బరువు. ఇంటికి దగ్గర అన్న ఒక్క కారణంతో యూపీఎస్‌లో వేయడం మాకు నచ్చదు.

స్టాఫ్ నిండుగా ఉన్న జెడ్పీ హైస్కూల్ దొరికితే మా ఓటు దానికే. ఒక్కో సబ్జెక్టుకు ఒక టీచరు (స్కూల్ అసిస్టెంట్), హిందీకి వేరే, ఆటలకు పీఈటీ. అయితే ఇక్కడా ఒక చిక్కుంది. పదో తరగతి ఫలితాల ఒత్తిడితో గట్టి లెక్కల సారును తొమ్మిది, పదికి పెట్టి, ఆరో తరగతిని ఎవరికి వీలైతే వాళ్లకు అప్పజెప్పే బడులున్నాయి. పదిలో ఎంతమంది పాసైనరన్న లెక్కతో ఆరో తరగతి సంగతి తెలియదు.

తెలుసుకునే పద్ధతి ఇది. ప్రతి బడికీ ఉండే 11 అంకెల గుర్తింపు నంబరు, యూడైస్ కోడ్ తీసుకుని (మన రాష్ట్రానివి 36తో మొదలవుతాయి) 'నో యువర్ స్కూల్' పోర్టల్‌లో కొడితే పిల్లల సంఖ్య, టీచర్ల సంఖ్య కనిపిస్తాయి. అక్కడితో ఆగొద్దు. డిప్యుటేషన్ మీద, అంటే తాత్కాలికంగా, వేరే బడికి పోయిన సారు పోస్టు కాగితం మీద ఇక్కడే ఉండొచ్చు. అందుకే మామూలు పనిరోజు మధ్యాహ్నం బడికి పోయి టైం టేబుల్ చూడండి. పిల్లలను చేర్పించే బడిబాట రోజుల్లో పోతే అంతా పండుగలాగే ఉంటది.

ఏడో తరగతి పిల్ల లెక్కల నోట్‌బుక్ ఒకటి అడిగి తిప్పండి. పూర్ణ సంఖ్యల పాఠం దగ్గర మైనస్ గుర్తు తప్పిన చోట ఎర్ర సిరాతో సున్నా చుట్టి, కిందనే అదే లెక్క మళ్లీ చేయించి ఉంటే ఆ సారు పని చేస్తున్నట్టే. పేజీ మొత్తానికి అడ్డంగా ఒకటే టిక్కు, కింద సంతకం ఉంటే అది తనిఖీ కోసం దిద్దినది. ఏడాది మధ్యలో బడిలోనే వేసే ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కులు కూడా చూడండి. 20 మార్కుల్లో తరగతిలో పాల్గొనడం, రాత పని, ప్రాజెక్టు, స్లిప్ టెస్టు ఒక్కోదానికి ఐదేసి ఉంటాయి. తరగతి మొత్తానికి అన్నిట్లో 5, 5 అని పడితే ఎవరికి ఏం వచ్చో ఆ బడికే తెలియదని అర్థం.

ఇంగ్లిష్ మీడియం గురించి భయం వద్దు. 2022-23 నుంచి వచ్చిన పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ అదే పాఠం తెలుగులో ఉంటది. ఇంట్లో తెలుగు పేజీ ముందు చదివించి పంపితే పిల్లలు త్వరగా అందుకుంటరు.

మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు వాళ్లు నీళ్ల సంగతి తప్పక అడగాలి. బడి కుళాయికి వచ్చేది మిషన్ భగీరథ పైపు నీళ్లా, బడి బోరు నీళ్లా? లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ ఎదిగే పిల్లల పళ్లకు, ఎముకలకు చేటు, కాచినా పోదు. పైపు పగిలిన రోజు మళ్లీ బోరు స్విచ్ వేస్తున్నరా అని వంట చేసే అమ్మలను అడిగితే అసలు మాట తెలుస్తుంది. భోజనం సంగతీ వాళ్లనే అడగండి. ఆరు నుంచి ఎనిమిది పిల్లలకు పూటకు 150 గ్రాముల బియ్యం, వారానికి మూడు గుడ్లు రావాలి. బిల్లులు ఆలస్యమైతే ముందుగా తగ్గేది గుడ్డే.

మోడల్ స్కూళ్లు 2013లో మొదలైనయి. ప్రవేశ పరీక్ష రాసి ఆరులో చేరితే ఇంటర్ దాకా అక్కడే చదవొచ్చు. చదువు బాగుంటది, కానీ చాలా వరకు ఊరి బయట ఉన్నాయి. హాస్టల్ తొమ్మిది నుంచి, అదీ ఆడపిల్లలకే. ఆరో తరగతి పిల్ల రోజూ బస్సు దిగి ఎంత దూరం నడవాలో మీరు ఒకసారి నడిచి చూసి నిర్ణయించుకోండి. ఆడపిల్లలకు పల్లెవెలుగులో టికెట్ లేదు గానీ, సాయంత్రం బస్సు ఎన్నింటికో ముఖ్యం.

ముంబై, పుణె పనులకు పోయే పాలమూరు కుటుంబాలకు మాత్రం మా సలహా వేరు. పిల్లను ముసలివాళ్ల దగ్గర వదిలేసి పోవడం కన్నా కస్తూర్బా నయం. ప్రవేశ పరీక్ష లేదు, తల్లి గానీ తండ్రి గానీ లేనివాళ్లకు, బడి మానేసిన వాళ్లకు ముందు సీటు. ఏడాది మధ్యలో బడి మానే ముప్పు తప్పుతుంది.

గురుకులం, నవోదయ కావాలంటే తొందరగా మేలుకోవాలి. గురుకులాల్లో అసలు ప్రవేశం ఐదో తరగతికే. అంటే నాలుగులో ఉండగానే దరఖాస్తు చేయాలి. ఆరులో మిగిలేవి ఖాళీ అయిన సీట్లు మాత్రమే. 1971లో మొదలైన సర్వేల్ గురుకులంలోనూ ఐదులోనే చేరాలి. నవోదయకు ఐదు చదువుతూ రాయాలి, ఒక్కసారే అవకాశం. మన వైపు నవోదయలు చలకుర్తి (నల్లగొండ), వట్టెం (పాలమూరు) రెండూ ఆరు నుంచే. నవోదయ పరీక్షలో 80 ప్రశ్నల్లో 40 మేధాశక్తివి కాబట్టి బడి పాఠాలొక్కటే చాలవు. గ్రామీణ కోటా కావాలంటే మూడు, నాలుగు, ఐదు పల్లె బడుల్లోనే చదివి ఉండాలి.

హాస్టల్ బడిలో వేసే ముందు ఇంకో లెక్క. ఎనిమిదిలో పరీక్ష రాసి తెచ్చుకునే కేంద్రం వారి ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్, తొమ్మిది నుంచి ఏడాదికి 12,000 చొప్పున ఇంటర్ దాకా వచ్చేది, జెడ్పీ బడి పిల్లలకు ఉంది. నవోదయ, గురుకులం పిల్లలకు లేదు. జెడ్పీలో చేర్చేటప్పుడే హెచ్ఎంను అడగండి: ఈ పరీక్షకు పోయినేడు ఎంతమందిని కూర్చోబెట్టిన్రు, మ్యాట్ (మేధాశక్తి) ప్రశ్నలు ఎవరు చెప్పిన్రు?