బండిలో లోపం లేదు, కాగితాల్లోనే ఉంది: విజయవాడలో ఒక పాత కార్ల దుకాణంతో నా అనుభవం

అమ్మను వారానికి రెండుసార్లు డయాలసిస్ కోసం తెనాలి నుంచి గుంటూరు తీసుకువెళ్లవలసి రావడంతో, కొత్త కారు కొనే స్థోమత లేక, విజయవాడలోని ఒక సెకండ్‌హ్యాండ్ కార్ల దుకాణంలో 2015 నాటి వ్యాగన్ఆర్‌ను 2,90,000 రూపాయలకు కొన్నాను. బండి విషయంలో ఆ దుకాణంవారు నాతో అబద్ధమాడలేదు. క్లచ్ ప్లేట్లు త్వరలో మార్చవలసి వస్తుందని, ఎడమవైపు వెనుక డోరుకు ఒకసారి డెంటింగ్, పెయింటింగ్ చేయించారని వారే ముందుగా చెప్పారు. నేను వెంటబెట్టుకు వెళ్లిన మెకానిక్ కూడా బానెట్ ఎత్తి చూసి, బండి తోలి చూసి అదే మాట అన్నాడు. ఇంజను, ఏసీ ఇప్పటికీ బాగానే పనిచేస్తున్నాయి.

డబ్బు మొత్తం కట్టిన రోజున నా చేతికిచ్చిన ప్లాస్టిక్ కవరులో ఆర్‌సీ జెరాక్స్, మరో ఐదు నెలల గడువున్న ఇన్సూరెన్స్ పాలసీ, యాజమాన్యం బదిలీకి కావలసిన ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30 ఉన్నాయి. ఫారాల మీద ఓనరు సంతకం నీలి సిరాతో, వణికిన చేతితో పెట్టినట్టుగా ఉంది. కొన్నవారి పేరు, తేదీ రాయవలసిన చోట్లన్నీ ఖాళీగానే ఉన్నాయి. "ఒరిజినల్ ఆర్‌సీ ఓనరుగారి ఇంట్లో ఉందండీ, పది రోజుల్లో తెప్పించి పేరు మార్పించేస్తాం, ఈలోగా మీరు బండి వాడుకోండి" అన్నారు. మర్నాడు అమ్మను గుంటూరు తీసుకువెళ్లాలి. నేను సరేనన్నాను.

పది రోజులు కాస్తా రెండు నెలలయ్యాయి. ఫోను చేసినప్పుడల్లా "ఈ వారంలో అయిపోతుందండీ" అన్నదే సమాధానం. చివరకు బండ్ల రిజిస్ట్రేషన్ వివరాలు చూపించే ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి చూస్తే, కారు ఇంకా ఒక బ్యాంకు హైపోథికేషన్ కిందే, అంటే అప్పుకు తాకట్టులోనే ఉన్నట్టు కనిపించింది. జెరాక్స్ మీద ఉన్న అడ్రసు పట్టుకుని ఆ ఓనరు ఇంటికి వెళ్లాను. తలుపు తీసిన ఆయన కొడుకు నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, నాన్నగారు పోయి పద్నాలుగు నెలలైందని చెప్పాడు. ఆ ఫారాలు అంతకుముందు వేరొకరితో బేరం కుదిరినప్పుడు ఆయన సంతకం చేసినవి, ఆ బేరం తప్పిపోవడంతో అలాగే ఉండిపోయాయి. కారును దుకాణానికి అమ్మింది కొడుకే. తండ్రి చనిపోయిన సంగతి దుకాణంవారికి చెప్పానని, ఫారాలున్నాయి కదా, సరిపోతుందని వారే అన్నారని చెప్పాడు. మరణించిన మనిషి సంతకంతో నా పేరిట బదిలీ చేయిస్తామన్నారన్నమాట. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఆ ఒక్క విషయమే.

ఓనరు మరణించినప్పుడు బండి ముందుగా ఫారం 31 ద్వారా వారసుల పేరిట మారాలి. అందుకు మరణ ధ్రువపత్రం, తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగిలిన వారసుల అంగీకారం కావలసి వచ్చాయి. అప్పు ఎప్పుడో తీరిపోయినా రికార్డులో ఎవరూ కొట్టివేయించలేదు కనుక, అభ్యంతరం లేదంటూ బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, తాకట్టును రికార్డు నుంచి తీసేయించే ఫారం 35 కూడా తేవలసి వచ్చింది. వెతికితే ఒరిజినల్ ఆర్‌సీ ఆ ఇంట్లోనూ దొరకలేదు. కార్డు పోయిందని పోలీసుల నుంచి పత్రం తీసుకుని, డూప్లికేటు కోసం ఫారం 26 పెట్టాము. ఆ అబ్బాయి తన పని మానుకుని నాతో ఆఫీసుల చుట్టూ తిరిగాడు. అతను అంత మంచివాడు కాకపోతే ఈ కారు ఈనాటికీ నాది అయ్యేది కాదు.

కొన్నప్పటి నుంచి పేరు మారేవరకు పట్టిన ఈ ఏడు నెలలూ నాకు నిద్ర పట్టకపోవడానికి కారణముంది. రికార్డులో ఎవరి పేరు ఉంటే వారినే ఓనరుగా చూడాలని సుప్రీంకోర్టు 2018లో ఒక ప్రమాద పరిహారం కేసులో స్పష్టం చేసింది. అంటే నా చేతిలో ప్రమాదం జరిగితే దాని భారం, కారుతో ఇక సంబంధం లేదనుకుంటున్న ఆ కుటుంబం మీద పడి ఉండేది. కొన్న 14 రోజుల్లోగా పాలసీని నా పేరిట మార్పించుకోవాలని చట్టం చెబుతున్నా, ఆర్‌సీ చేతిలో లేక నేను ఆ పని చేయించలేకపోయాను. అలాంటప్పుడు నా కారుకు జరిగిన నష్టానికి కంపెనీ పరిహారం ఇస్తుందన్న ఆశ పెట్టుకోకూడదు. పాత బండ్లు అమ్మే డీలర్లు రవాణా శాఖ నుంచి అధీకృత పత్రం తీసుకోవాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అది చూపించమని కొనే ముందు నేను అడగలేదు, తర్వాత అడిగితే వారు చూపించలేదు.

ఈ దుకాణానికి ఐదుకు రెండు మార్కులు ఇస్తున్నాను, ఆ రెండూ బండి స్థితి గురించి నిజం చెప్పినందుకు. అక్కడ కొనదలచినవారు ఒరిజినల్ ఆర్‌సీ కళ్లారా చూసి, దాని మీది ఛాసిస్ నంబరును బండి మీది నంబరుతో సరిపోల్చి, సంతకం చేసిన ఓనరుతో స్వయంగా మాట్లాడాకే బయానా ఇవ్వండి. ఆర్‌సీ మీ పేరిట వచ్చేవరకు కనీసం 50,000 రూపాయలు మీ దగ్గరే ఉంచుకుంటామని రాయించుకోండి. ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి.

కారు గత నెలలో నా పేరిట మారింది. ఆఫీసుల చుట్టూ తిరగడానికి, కాగితాలకు అయిన 11,400 రూపాయలు ఇస్తామని దుకాణంవారు ఒప్పుకుని, ఇప్పటివరకు 5,000 పంపారు. మిగిలినది అందితే ఇక్కడే ఆ సంగతి కూడా రాస్తాను.