మూస్ జాలో ఒక రాత్రైనా ఆగాలి

కెనడాలోని రిజైనాలో ఉండే మనవాళ్లు "మూస్ జా వెళ్లొచ్చాం" అంటే చాలాసార్లు హైవే పక్కనున్న మూస్ (పెద్ద దుప్పి లాంటి జంతువు) బొమ్మ దగ్గర ఫొటో దిగి వచ్చారనే అర్థం. పది మీటర్లు దాటిన ఆ బొమ్మ పేరు మ్యాక్. నార్వేలో దాని అప్పటి ఎత్తుకన్నా 30 సెంటీమీటర్లు ఎత్తైన మూస్‌ను నిలబెట్టారని, 2019లో మ్యాక్‌కి కొత్త కొమ్ములు పెట్టి మరీ రికార్డు వెనక్కి తెచ్చుకున్నారు. పిల్లలకు సరదాగానే ఉంటుంది. కానీ అక్కడికి ఐదు నిమిషాలు చాలు, మిగతా సమయం ఊరికి ఇవ్వాలి.

సస్కాచువాన్‌లో, రిజైనాకి పడమరగా సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉంది మూస్ జా. జనాభా 34 వేల లోపే. దారి పొడవునా గోధుమ, ఆవ జాతి కనోలా, మసూర్ పప్పు చేలు. మన ఇళ్లలో ఉడికే ఎర్ర పప్పులో కొంత ఈ రాష్ట్రం నుంచే ఓడలెక్కి వస్తుంది. ఆ చేలను కళ్లతో చూడటం నాకు భలే సంతోషమనిపించింది.

ఊరు పుట్టింది రైలు వల్ల. ఆవిరి ఇంజన్లకు నీళ్లు కావాలి. మూస్ జా నది, థండర్ క్రీక్ కలిసే ఈ చోటును 1882లో కెనడియన్ పసిఫిక్ రైల్వే డివిజన్ కేంద్రంగా ఎంచుకుంది. 1903కల్లా ఇది నగరమైంది. ఇంత చరిత్ర ఉన్న ఊరికి ఇప్పుడు ప్యాసింజర్ రైలు లేదు. రాష్ట్ర ప్రభుత్వ బస్సులు కూడా 2017లో ఆగిపోయాయి. కారు లేకుండా బయల్దేరితే ఇబ్బందే.

అందరూ చెప్పే సొరంగాల టూర్ మెయిన్ స్ట్రీట్‌లోనే. వేషాలు వేసుకున్న నటులు మనల్ని కూడా కథలో పాత్రల్ని చేసి నేలమాళిగల గుండా నడిపిస్తారు. ఒక టూర్ మద్యనిషేధ కాలపు షికాగో ముఠాలది. ఆ ముఠాల నాయకుడు అల్ కపోన్ ఇక్కడ తలదాచుకున్నాడంటారు, దానికి ఆధారం లేదు. నటన బాగుంది, నవ్వుకున్నాం, అంతే. రెండోది చైనా వలసకూలీల కథ. ఒక్క టూర్‌కే టైముంటే ఇదే ఎంచుకోండి. ఇరుకు గదులు, ఇస్త్రీ పెట్టెలు, పడుకోవడానికి చెక్క బల్లలు. ఈ సొరంగాల్లో నిజంగా ఎంతమంది దాక్కున్నారన్నది వివాదమే గానీ, వాళ్లను తరిమిన చట్టాలు మాత్రం పచ్చి నిజం. కెనడాలో అడుగుపెట్టే చైనీయుల మీద 1885లో తలకు 50 డాలర్ల పన్ను వేశారు, 1903కల్లా దాన్ని 500 చేశారు. 1923లో ఏకంగా తలుపులే మూసేశారు. 1947 దాకా ఆ చట్టం నడిచింది.

ఈ ఊళ్లోనే క్వాంగ్ వింగ్ అనే ఆయన రెస్టారెంట్ నడిపేవాడు. చైనీయుల దుకాణాల్లో తెల్లజాతి ఆడవాళ్లు పనిచేయకూడదని 1912లో సస్కాచువాన్ చట్టం చేసింది. ఇద్దరిని పనిలో పెట్టుకున్నందుకు ఆయనకు శిక్ష పడింది. ఆయన చట్టప్రకారం పౌరసత్వం తీసుకున్న మనిషి, అయినా 1914లో సుప్రీంకోర్టు అప్పీలు కొట్టేసింది. చదువుకో ఉద్యోగానికో వచ్చి ఈ దేశంలో కాగితాల కోసం ఎదురుచూస్తున్న మన పిల్లలు కపోన్ పేరు కన్నా ఈయన పేరు గుర్తుపెట్టుకోవాలని నా కోరిక.

బస విషయానికొస్తే, చలికాలంలో వెళ్లాం. మొదటి రాత్రి హైవే పక్కన ఒక చవక మోటెల్‌లో దిగాం. హీటర్ మొరాయించింది, బయట మైనస్ 30కి దగ్గర్లో ఉంది, కోట్లు వేసుకునే పడుకున్నాం. మర్నాడు క్రెసెంట్ పార్క్ పక్కనున్న టెంపుల్ గార్డెన్స్ హోటల్‌కి మారిపోయాం. అద్దె ఎక్కువే, కానీ ఆ ఖర్చుకి తగ్గ సుఖం ఉంది. 1,350 మీటర్ల లోతు నుంచి వచ్చే ఖనిజజలంతో పై అంతస్తులో కొలను ఉంది. లోపల నీళ్లలోకి దిగి, అలాగే ఈదుకుంటూ ఆరుబయటికి వెళ్లొచ్చు. మెడదాకా వెచ్చటి నీళ్లు, తడి జుట్టు మాత్రం చూస్తుండగానే మంచు కట్టి పుల్లల్లా నిలబడింది. కళ్లద్దాలు గదిలోనే వదిలేయండి, ఆవిరికి ఏమీ కనబడదు.

ఆ చలిలో కారు ఇంజన్‌ను వెచ్చగా ఉంచే హీటర్‌కి కూడా రాత్రంతా కరెంటు పెట్టాలి. బానెట్ ముందు నుంచి వేలాడే వైరు అందుకే. గది బుక్ చేసేటప్పుడే పార్కింగ్‌లో ప్లగ్ ఉందా అని అడిగి తీరాలి. గాలి తోడైతే బయటి చర్మం నిమిషాల్లో దెబ్బతింటుంది. వేసవిలో అదే ఊరు 35 డిగ్రీలు దాటుతుంది, జూన్‌లో రాత్రి తొమ్మిదైనా వెలుగుంటుంది.

ఊరికి దక్షిణాన సుకానెన్ ఓడ మ్యూజియం మాత్రం వేసవిలోనే తెరుస్తారు. టామ్ సుకానెన్ ఫిన్లాండ్ నుంచి వచ్చిన రైతు. 1930ల కరవులో, సముద్రం ఊసే లేని ఈ మైదానంలో, నది దారిన హడ్సన్ బే అనే సముద్రపు అఖాతం చేరి స్వదేశానికి పోవాలని ఒంటరిగా ఓడ కట్టాడు. ఆ ఓడ ఎన్నడూ నీళ్లలోకి దిగలేదు, ఆయన 1943లో చనిపోయాడు. దానికోసమే మళ్లీ జులైలో వెళ్లాలనుకుంటున్నాం, ఈసారి అమ్మానాన్నల్ని కూడా తీసుకుని.